ఉద్యోగం మానేసి ఉలి పట్టనా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఒక బీమా సంస్థ ఆడిట్ విభాగంలో 22 ఏళ్లుగా పనిచేస్తున్నాను. నాలుగేళ్ల కిందట సరదాగా చెక్కపని నేర్చుకున్నాను. స్టూళ్లు, పుస్తకాల అరలు, చిన్న చిన్న టీపాయ్‌లు చేసి చుట్టాలకూ స్నేహితులకూ ఇచ్చాను. అమ్మకానికి పెడితే బాగా పోతాయని అందరూ అంటున్నారు. చిత్రిక పడుతుంటే నాకు టైమ్ తెలియదు. సోమవారం ఆఫీసులో ఫైలు తెరిస్తే మాత్రం కడుపులో తిప్పుతుంది. రెండేళ్ల కిందట మా విభాగాన్ని ఇంకో విభాగంతో కలిపేశారు, అప్పటి నుంచి మరీ కష్టంగా ఉంది. ఉద్యోగం మానేసి చెక్కపనే వృత్తిగా పెట్టుకోవాలని ఉంది. ఇంటి లోను ఇంకా ఆరేళ్లు కట్టాలి. పెద్దబ్బాయి వచ్చే ఏడాది కాలేజీలో చేరతాడు. మా ఆయన్ను అడిగితే “నీ ఇష్టం” అంటారు, అంతకు మించి మాట్లాడరు. ఈ వయసులో ఇలా అనుకోవడం స్వార్థమా? ఆలస్యమైపోయిందా? ఆఫీసులో ఇప్పుడే చెప్పేయమంటారా? (పేరు రాయవద్దన్నారు)

సమాధానం: మీ ఉత్తరంలో ముందుగా నా కంట పడినవి రెండు అంకెలు. చెక్కపని పట్టుకుని నాలుగేళ్లు, ఆఫీసు భరించలేనట్టు తయారై రెండేళ్లు. అంటే ఆఫీసు మీద విసుగుతో మీరు ఉలి పట్టలేదు. ఉద్యోగం సాఫీగా నడుస్తున్న రోజుల్లోనే ఆ పని మీకు నచ్చింది. ఇది మంచి సంగతి. ఒకచోటి నుంచి ఎలాగోలా బయటపడాలని ఉన్నప్పుడు ఎదురుగా ఏ పని కనిపించినా అదే మన కోసం పుట్టిందనిపిస్తుంది. మీ విషయంలో అలా జరగలేదు. కానీ ఉద్యోగం మానేయాలన్న తొందర మాత్రం ఈ రెండేళ్లలో పుట్టిందే. అందుకే మీరు ఒకటిగా అడిగినదాన్ని రెండుగా విడదీస్తాను. చెక్కపని నాకు వృత్తి కాగలదా అన్నది ఒకటి. ఈ ఆఫీసులో ఇంకా ఉండగలనా అన్నది రెండోది. రెండోదానికి “ఉండలేను” అని జవాబు వచ్చినంత మాత్రాన మొదటిదానికి “కాగలదు” అని రాసేసుకోకూడదు.

ఆఫీసు సంగతి ముందు తేలుద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో ‘బర్న్‌అవుట్’ను చేర్చింది. జబ్బుగా కాదు, పని వల్ల కలిగే ఒక స్థితిగా. దానికి మూడు గుర్తులు చెప్పింది. ఒంట్లో సత్తువంతా అయిపోయినట్టు ఉండటం, పని మీద మనసు విరిగిపోవడం, చేస్తున్నది సరిగా చేయలేకపోతున్నామని అనిపించడం. రెండోది మీ ఉత్తరంలో స్పష్టంగా కనిపిస్తోంది. మిగతా రెండు ఉన్నాయో లేదో మీరే చూసుకోవాలి. ఉంటే ఆ అలసటలో రాజీనామా లాంటి నిర్ణయం తీసుకోవద్దు. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం కూడా తోడైతే డాక్టర్ని కలవండి. లేదంటే రెండు వారాలు పూర్తిగా సెలవు పెట్టండి, ఆఫీసు ఫోన్లు ఎత్తకండి. తిరిగి వెళ్లాక మీకు ఏది చూస్తే కడుపులో తిప్పుతోందో గమనించండి. ఆడిట్ పనా? కలిపేసిన కొత్త విభాగమా? పైన వచ్చిన కొత్త మనిషా? పని కాదు మనుషులే అని తేలితే, బదిలీ అడగడం రాజీనామా కంటే చాలా చిన్న మందు. బదిలీ దొరికితే చెక్కపని కల చెదిరిపోతుందని భయపడకండి. ఊపిరాడే చోట కూర్చుని ఆ సంగతి ఆలోచించుకోవచ్చు, అంతే.

ఇక వయసు. నలభైల్లో మనసు కుంగడం మీద చాలామంది లెక్కలు తీశారు. 1965లో ఇలియట్ జాక్స్ అనే మానసిక విశ్లేషకుడు దానికి ‘మిడ్‌లైఫ్ క్రైసిస్’ అని పేరు పెట్టాడు. 2008లో డేవిడ్ బ్లాంచ్‌ఫ్లవర్, ఆండ్రూ ఆస్వాల్డ్ అనే ఆర్థికవేత్తలు డెబ్భైకి పైగా దేశాల సమాచారం ముందేసుకుని, జీవితం మీద తృప్తి నడివయసులో అడుగుకు దిగి తర్వాత మళ్లీ పైకి లేస్తుందని రాశారు. ఈ లెక్క ఒప్పుకోని పరిశోధకులూ ఉన్నారు. నాకు మాత్రం 2012లో వచ్చిన ఇంకో అధ్యయనం ఇష్టం. జంతుప్రదర్శనశాలల్లోనూ అలాంటి ఇతర చోట్లా ఉన్న 508 చింపాంజీలు, ఒరాంగుటాన్లు ఎంత హుషారుగా ఉంటున్నాయో వాటిని సాకేవాళ్లను అడిగారు. వాటికీ నడివయసులో అదే నీరసం కనిపించింది. వాటికి ఆడిట్ లేదు, ఇంటి లోనూ లేదు.

దీన్ని బట్టి మీ వెలితి అంతా ఉద్యోగానిదే కాకపోవచ్చు. కొంత వయసుది అయ్యుండొచ్చు. రాజీనామా చేసినా ఆ కొంత మీతోనే ఉంటుంది. కొత్త పనిలో చేరిన ఏడాదికి మళ్లీ ఆ దిగులు తొంగిచూస్తే “తప్పు చేశానా” అని కంగారు పడతారేమోనని ముందే చెబుతున్నాను.

ఆలస్యం మాటకొస్తే, కాలేదు. అమెరికాలో అందరికంటే వేగంగా ఎదిగిన కొత్త కంపెనీల మీద 2020లో ఒక అధ్యయనం వచ్చింది. వాటిని పెట్టిననాటికి స్థాపకుల సగటు వయసు 45. అయితే అదే అధ్యయనంలో ఇంకో మాట కూడా ఉంది. వాళ్లు దిగిన రంగంలోనే ముందు అనుభవం ఉన్నవాళ్లు బాగా నెగ్గుకొచ్చారు. మీకు బీమాలో 22 ఏళ్లు ఉన్నాయి, చెక్కలో ఉన్నవి నాలుగేళ్ల శని, ఆదివారాలు. కాబట్టి వయసు గురించి దిగులు వద్దు, అనుభవం గురించి మాత్రం కాస్త ఆలోచించండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చిత్రిక పడుతుంటే టైమ్ తెలియదన్నారు. తెలియదు మరి. పలుచటి చెక్క పొర చుట్టలు చుట్టుకుంటూ పైకి లేస్తుంటే, గరుకు పలక అరచేతి కింద నున్నబడుతుంటే గడియారం ఎవరు చూస్తారు? కానీ ఆ పని మీద బతికేవాళ్ల రోజులో చిత్రిక పట్టే సమయం ఎంతో ఎప్పుడైనా దగ్గరుండి చూశారా? పొద్దున్నే ఒకరింటికి వెళ్లి అల్మరాకి కొలతలు తీసుకోవాలి. గోడ తిన్నగా ఉండదు. మీరు అల్మరాను తిన్నగా చేస్తే గోడకూ దానికీ మధ్య వేలు దూరేంత సందు వస్తుంది. వంకర గోడదని మీకు తెలుసు, ఆ ఇంటావిడకు మాత్రం మీ అల్మరాదే. తర్వాత ఎస్టిమేట్ రాయాలి. రాసిచ్చిన నాలుగింట్లో ఒకటి ఖాయమైతే గొప్ప. చెక్క కొనడానికి వెళ్తే పూర్తిగా ఆరిందో లేదో, లోపల పగులుందో లేదో చూసుకోవాలి. తెచ్చుకోవాలి, దించుకోవాలి. చెక్కకు బెజ్జం తొలిచి ఇంకో చెక్క కొసను అందులో బిగించే పని మీకు పండగలా ఉంటుంది కదా, దానికి దొరికేది మధ్యాహ్నం ఓ గంటా రెండు గంటలు. అప్పుడు కూడా ఫోన్ మోగుతూనే ఉంటుంది. పాలిష్ ఆరే లోపు దుమ్ము పడితే మళ్లీ గీకి మొదలుపెట్టాలి.

ఇచ్చేశాక కూడా అయిపోదు. గాలిలో తేమ పెరిగితే చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు కదలదు. ఆ ఉబ్బుకి కాస్త చోటు వదలకుండా సొరుగు బిగించారో, ముసురు పట్టిన వారంలో ఫోన్ వస్తుంది, “మీరు చేసిన సొరుగు ఊడి రావడం లేదండీ” అని. మీరు వెళ్లి చిత్రిక పట్టి రావాలి. దానికి డబ్బు అడగలేరు. అసలు డబ్బులో చివరి వాయిదా ఇంకా వాళ్ల దగ్గరే ఉండిపోయి ఉంటుంది కూడా.

మిమ్మల్ని బెదరగొట్టాలని ఇదంతా రాయలేదు. ఈ పనులన్నీ ఇష్టంగా చేసేవాళ్లున్నారు. మనుషులతో మాట్లాడి, వాళ్లకు నోటితో చెప్పడం రాని వస్తువును చేతికి తెచ్చివ్వడంలో కొందరికి ఉలి పట్టడం కంటే ఎక్కువ ఆనందం. మీరు వాళ్లలో ఒకరో కాదో నాకు తెలియదు. ఇప్పటివరకు మీకు తెలిసే అవకాశమూ రాలేదు. మీకు నచ్చింది మొత్తం వృత్తా, అందులో ఆ ఒక్క గంటా అన్నదే ఇక్కడ తేలాల్సింది. ఆ ఒక్క గంటే అయితే దాన్ని వారాంతానికి పదిలంగా ఉంచుకోవడం ఓటమేమీ కాదు.

ఒంటి సంగతి కూడా చూసుకోండి. వారానికి ఆరు గంటలు నిలబడి పనిచేయడం వేరు, నలభై గంటలు నిలబడటం వేరు. నడుము, మణికట్లు ముందు మాట్లాడతాయి. రంపపు పొట్టు సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. ముక్కు, దాని చుట్టూ ఉండే గాలి గదులకు వచ్చే క్యాన్సర్లతో దానికి సంబంధం ఉంది. శని, ఆదివారాల పనికైనా సరే మంచి మాస్కు, దుమ్ము లాగే మెషీన్ లేకుండా మొదలుపెట్టకండి. పెట్టుబడి లెక్కలో మొదటి వరుసలో వీటినే రాయండి.

ఇష్టమైన పనికి డబ్బు ముడిపడితే ఏమవుతుందో కూడా ఒక మాట. 1973లో మార్క్ లెపర్, ఆయన సహచరులు నర్సరీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేయడం బాగా ఇష్టపడే పిల్లల్లో కొందరికి “వేస్తే బహుమతి ఇస్తాం” అని ముందే చెప్పారు, ఇచ్చారు. కొన్నాళ్ల తర్వాత మామూలుగా ఆడుకునే సమయంలో గమనిస్తే, ఆ పిల్లలు బొమ్మల మీద గడిపిన సమయం మిగతా పిల్లలు గడిపినదాంట్లో దాదాపు సగమే. ముందు చెప్పకుండా హఠాత్తుగా బహుమతి ఇచ్చిన పిల్లల్లో మాత్రం ఈ తగ్గుదల లేదు. నర్సరీ పిల్లల లెక్క 46 ఏళ్ల ఆడిటర్‌కి అచ్చంగా సరిపోతుందని నేననను. కానీ “ఇష్టమైన పనే చేస్తే ఉద్యోగం చేసినట్టే ఉండదు” అని తేలిగ్గా చెప్పేవాళ్ల మాట వినేముందు దీన్ని కాస్త గుర్తు తెచ్చుకోండి. మీరు వృత్తిలోకి దిగినా, ఏడాదికి ఒకటో రెండో వస్తువులు అమ్మకానికి కాకుండా మీ కోసమే చేసుకోండి. అవి ఎవరికీ చూపించనక్కర్లేదు.

ఇప్పుడు చేయాల్సింది. ముందు చుట్టాలను పక్కన పెట్టండి. స్టూలు ఉచితంగా పుచ్చుకున్నవాళ్లు కాలు ఊగుతోందని చెప్పరు. ముఖ పరిచయం లేనివాళ్ల దగ్గర నాలుగైదు ఆర్డర్లు పట్టండి. అడ్వాన్స్ తీసుకోండి, ఫలానా తేదీకి ఇస్తానని రాసివ్వండి. వాటిలో కనీసం ఒకటి మీకు బోర్ కొట్టే పని అయ్యుండాలి, ఒకే రకం కుర్చీలు ఆరు, అలాంటిది. ఒక నోటు పుస్తకం పెట్టుకుని ప్రతి గంటా రాయండి. ఫోన్లో మాట్లాడిన అరగంట, చెక్క కోసం తిరిగిన పూట, మళ్లీ వెళ్లి సరిచేసి వచ్చిన సాయంత్రం, అన్నీ. చివర్లో ఖర్చులు తీసేసి మిగిలినదాన్ని ఆ గంటలతో భాగించండి. మీరు ఆడిటర్, ఇంకొకరి లెక్కలో దాచిన తప్పును పట్టడం మీకు వెన్నతో పెట్టిన విద్య. మీ లెక్కను కూడా అంత నిర్దాక్షిణ్యంగా చూడండి. మొదటిసారి వచ్చే అంకె చాలా చిన్నగా ఉంటుంది, అందరికీ అంతే. నాలుగో ఆర్డర్‌కి అది పెరుగుతోందా లేదా అన్నది చూడండి.

దీనితోపాటు సెలవుల్లో ఎవరైనా ఆరితేరిన మేస్త్రి దగ్గర కొన్నాళ్లు సహాయకురాలిగా నిలబడండి. డబ్బు ఆశించకండి. ఆయన కస్టమర్‌తో బేరం ఎలా ఆడుతున్నాడు, దేనికి ఒప్పుకోవడం లేదు, బాకీ ఎలా రాబడుతున్నాడు, ఇవి చూడండి. చెక్క కోయడం కంటే ఇవే మీకు కొత్త.

ఉద్యోగం చేస్తూ ఇదంతా ఎలా అంటారు. కష్టమే, కానీ ఫలితం ఉంది. జోసెఫ్ రాఫీ, జీ ఫెంగ్ అనే పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఉద్యోగం చేస్తూనే సొంత పని మొదలుపెట్టి తర్వాత పూర్తిగా అందులోకి మారినవాళ్లు దుకాణం కట్టేసే ప్రమాదం, ఒక్కసారిగా ఉద్యోగం వదిలి దిగినవాళ్లతో పోలిస్తే మూడో వంతు తక్కువని తేలింది. జీతం ఉండగా తప్పులు చేసే వెసులుబాటు ఉంటుంది. అందరి ముందూ పంతంగా రాజీనామా పడేస్తే మొదటి నెల నుంచే ఏ ఆర్డర్ వచ్చినా కాదనలేరు, అడ్డమైన బేరానికీ తలూపాల్సి వస్తుంది.

డబ్బు దగ్గర నాకు నచ్చిన పరీక్ష ఒకటుంది. చెక్కపని మీద మొదటి రెండేళ్లు ఎంత రావచ్చని మీ నోటు పుస్తకం చెబుతుందో, దాన్నే మీ జీతం అనుకుని ఆరు నెలలు ఇల్లు నడపండి. మిగతా జీతం వేరే ఖాతాలో వేసి ముట్టకండి. లోను, కాలేజీ ఫీజు, ఆఫీసు ఇస్తున్న ఆరోగ్య బీమా పోతే సొంతంగా కట్టాల్సిన ప్రీమియం, అన్నీ ఆ తగ్గిన డబ్బులోనే సర్దుకోవాలి. ఆరు నెలలు నడిచిందంటే మీ చేతిలో ధైర్యమూ ఉంటుంది, నిల్వా ఉంటుంది. మూడో నెలలోనే ఇంట్లో టెన్షన్ మొదలైతే రాజీనామా చేయకుండానే తెలిసిపోయింది కాబట్టి నష్టం లేదు. పెద్దబ్బాయి కాలేజీ మొదటి ఏడాది ఖర్చు తెలిసేవరకు ఆగడం కూడా తెలివైన పనే. పదవీ విరమణ కోసం దాచిన డబ్బును మాత్రం మెషీన్లు కొనడానికి తీయకండి. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

మీవారి “నీ ఇష్టం” సంగతి. మన ఇళ్లలో ఆ మాటకు సంతోషంగా ఒప్పుకున్నానని అర్థం రావడం అరుదు. ఆయనకు భయంగా ఉండొచ్చు. భయమని చెబితే మీ కలకు అడ్డుపడినట్టు అవుతుందని ఊరుకుంటున్నారేమో. రేపు ఇల్లు నడపడం తన ఒక్కడి మీద పడుతుందేమోనని కూడా అనిపించి ఉండొచ్చు. “నన్ను చేయమంటారా, వద్దంటారా” అని అడిగినన్ని రోజులూ ఇదే జవాబు వస్తుంది. ప్రశ్న మార్చండి. “నేను మానేస్తే మీకు అన్నిటికంటే ఎక్కువ భయం దేని గురించి?” అని అడిగి, ఆయన చెప్పేవరకు మీరు మాట్లాడకండి. తర్వాత ఇద్దరూ కూర్చుని ఒక గీత గీసుకోండి. నిల్వ ఇంతకు తగ్గితే, లేదా ఫలానా నెలకు ఆదాయం ఇంతకు చేరకపోతే, మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటాను అని. కాగితం మీద రాసి తేదీ వేయండి. అడుగు ఎక్కడుందో తెలిస్తే ఆయన కూడా నోరు విప్పి మాట్లాడతారు. పిల్లలకు కూడా చెప్పండి, కానీ నిర్ణయం భారం వాళ్ల మీద పెట్టకండి.

స్వార్థమా అని అడిగారు. కాదు. ఎవరికీ చెప్పకుండా రాజీనామా చేసి వస్తే అది స్వార్థం. మీరు ఉత్తరం రాసి, లోను లెక్క చెప్పి, అబ్బాయి కాలేజీ గుర్తుపెట్టుకుని అడుగుతున్నారు.

ఇంతసేపూ ఆగమనే చెప్పాను కాబట్టి ఆ వైపు మాట కూడా చెప్పాలి. స్టీవెన్ లెవిట్ అనే ఆర్థికవేత్త 2013లో ఒక వింత ప్రయోగం పెట్టాడు. ఉద్యోగం మానాలా వద్దా లాంటి పెద్ద విషయాల్లో ఎటూ తేల్చుకోలేని వాళ్లు వెబ్‌సైట్‌లో బొమ్మా బొరుసూ వేసుకోవచ్చన్నాడు. ఇరవై వేల సార్లకు పైగా నాణెం పడింది. “మారు” అని నాణెం చెప్పినవాళ్లు, “వద్దు” అని చెప్పినవాళ్లకంటే ఎక్కువగా నిజంగానే మారారు. అలా మారినవాళ్లు ఆరు నెలల తర్వాత, మారనివాళ్లకంటే సంతోషంగా ఉన్నామని చెప్పారు. నాణేన్ని నమ్మి పెద్ద నిర్ణయాలు తీసుకునేవాళ్లు మామూలు మనుషులేనా అన్నది వేరే చర్చ. అయినా ఎటూ తేల్చుకోలేక ఊగేవాళ్లు ఉన్నచోటే ఉండిపోవడం వైపు కాస్త ఎక్కువగా మొగ్గుతారని నాకూ అనిపిస్తుంది. అందుకే మీ పరీక్షకు ఒక గడువు పెట్టుకోండి. ఏడాది చాలు. ఆర్డర్ల లెక్క బాగుండి, ఆరు నెలల ఇంటి ఖర్చు గట్టెక్కి, బోర్ కొట్టే కుర్చీలు చేసిన రోజున కూడా మర్నాడు పనిలోకి వెళ్లాలనిపిస్తే, ఇంకో ఏడాది చూద్దామని వాయిదా వేయకండి. మానేయండి.

ఆఫీసులో ఇప్పుడే చెప్పొద్దు. మీ పై అధికారికి చెప్పిన రోజు నుంచి మిమ్మల్ని వెళ్లిపోయే మనిషిగానే చూస్తారు, బదిలీ అడిగే దారి కూడా మూసుకుపోతుంది. అయితే మొదటి ఆర్డర్‌కి డబ్బు పుచ్చుకునే ముందే మీ నియామక పత్రం, సర్వీసు నిబంధనలు తీసి చదవండి. ఉద్యోగంలో ఉంటూ బయట ఆదాయం సంపాదించకూడదనో, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలనో చాలా సంస్థల్లో ఉంటుంది. అనుమతి కావాలని ఉంటే తీసుకోండి, “వారాంతాల్లో చెక్కపని” అని రాస్తే చాలు, భవిష్యత్తు ప్రణాళిక అంతా రాయనక్కర్లేదు. పూర్తిగా నిషేధం ఉంటే, ఈ ఏడాది ఆర్డర్లు డబ్బు తీసుకోకుండా చేసి, చెక్క ఖర్చు మాత్రం వాళ్లనే పెట్టుకోమనండి. అప్పుడు కూడా తేదీ రాసివ్వడం మానకండి, గంటలు రాయడం మానకండి.